దాది పరీక్ష



ఈ టపా ఒక్క మాటతో మొదలై ఎక్కడెక్కడికో పోయినది. కాస్త పొడుగైనది కూడా. ఓపిక ఉన్నవారు చదువగలరు.

"దాది" అన్న మాట ఇప్పుడు పుస్తకాల్లోనే మిగిలినది. ఇళ్ళలో ఆయా అంటున్నారు, ఆయమ్మ అంటున్నారు, కొందరు "పిల్లను చూసుకునే ఆమె" అని ఊరుకుంటున్నారు. దాది సంస్కృత ధాత్రికి తద్భవం. ధాత్రి శబ్దాన్ని సాధించడానికి పాణిని ఒక సూత్రమే చేసినాడు. అక్కడి ధాతువుకు త్రాగడమని అర్థం. ఎవతె వద్ద బిడ్డ పాలు త్రాగునో ఆమె ధాత్రి. అమరసింహుడు ఈ పదానికి ఉపమాత, భూమి, ఉసిరిక అని అర్థాలు చెప్పినాడు. మేము భాషాప్రవీణ చదివే రోజుల్లో, ఈ మూటికీ పొత్తు ఎట్లా కుదిరిందని గురువుగారిని అడిగితే, "మూడూ పోషించేవే కదరా" అని తేల్చివేసినారు.

ఇక ఆయా అన్నది సంస్కృతమూ కాదు, తెలుగూ కాదు, ఉర్దూ కాదు. పోర్చుగీసువారు ఓడల మీద తెచ్చిన మాట. దాని మూలం లాటిన్‌లో అవ్వ అని అర్థమున్న పదమని నిఘంటుకారులు చెబుతారు. చూడండి, ఒకరు ఉపమాత అన్నారు, మరొకరు అవ్వ అన్నారు. జీతానికి వచ్చిన మనిషిని ఇంటిలో పెట్టుకొని, బిడ్డను చేతికిచ్చిన తరువాత, ఆమెను పరాయిది అనడానికి నోరు రాక చుట్టరికం కలుపుకొన్నట్లున్నది. చుట్టరికం కలుపుకొన్నారే గాని అనుమానం మాత్రం ఎక్కడా పోలేదు. దాదిని ఎట్లా నమ్మాలి, నమ్మిన తరువాత ఎట్లా కనిపెట్టి ఉండాలి అన్న ప్రశ్న మనిషి వ్రాత నేర్చిన నాటినుండీ ఉన్నదే.

మన వైద్యగ్రంథాలతో మొదలుపెడతాను, అవి నాకు దగ్గరివి గనుక. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో దాదిని ఎన్నుకొనే పద్ధతి ఉన్నది. యౌవనంలో ఉన్నది, రోగం లేనిది, వ్యసనాలు లేనిది, అదే దేశంలో పుట్టినది, నీచబుద్ధి లేనిది, తన బిడ్డ బ్రతికి ఉన్నది, పాలు సమృద్ధిగా గలది, ఏమరుపాటు లేనిది, శుచి గలది, అశుచి అంటే అసహ్యపడేది. ఇట్లా సాగుతుంది పట్టిక. సుశ్రుతుడు ఇంకొంచెం లోపలికి పోయి, చపలత్వం లేనిది, లోభం లేనిది, వాత్సల్యం గలది కావాలన్నాడు. పాలను పరీక్షించే విధానం కూడా చెప్పినారు. నీటిలో పాలచుక్క వేస్తే, నురుగు, తీగలు లేకుండా, తేలకుండా, మునగకుండా నీటిలో కలిసిపోవాలి. అప్పుడవి మంచి పాలు.

ఈ పట్టికలో సగం దేహానికి సంబంధించినది, సగం గుణానికి సంబంధించినది. దేహాన్ని చూడవచ్చు, పాలను నీటిలో వేసి చూడవచ్చు. వాత్సల్యాన్ని ఏ నీటిలో వేసి చూస్తారు? సుశ్రుతునికి ఈ చిక్కు తెలియకపోలేదు. కోపం వలన, శోకం వలన, వాత్సల్యం లేకపోవడం వలన స్త్రీకి పాలు తగ్గిపోతాయని అతడే చెప్పినాడు. అంటే దాది మనసు ఎట్లా ఉన్నదో బిడ్డ ఆకలిలో తెలుస్తుందన్న మాట. దాదిని దుఃఖపెట్టే ఇంట్లో బిడ్డకు పాలు ఉండవని కూడా దీనికి అర్థం చెప్పుకోవచ్చు. వ్యాఖ్యాతలు అంతదూరం పోయినారో లేదో గాని, నేను పోతున్నాను.

అదే చరకంలో ఆ వెంటనే వచ్చే మాటలు మరీ గొప్పవి. పసివాడి ఆటవస్తువులు రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, తేలికగా ఉండాలి, మొన తేలినవి కారాదు, నోట్లోకి దూరిపోయేవి కారాదు, ప్రాణం తీసేవి కారాదు, భయపెట్టేవి కారాదు. బిడ్డ ఏడ్చినా, అన్నం తినకున్నా, రాక్షసులు, పిశాచాలు, పూతన మొదలైన పేర్లు చెప్పి బెదిరించరాదు. మనం "బూచాడొస్తున్నాడు" అనకుండా ఒక్క ముద్దైనా పెట్టినామా! రెండు వేల ఏండ్ల నాటి వైద్యుడు ఇది వద్దన్నాడంటే, అప్పటి దాదులూ తల్లులూ ఇదే పని చేస్తున్నారని అర్థం. జరగని పనిని ఎవరూ నిషేధించరు.

పూతన పేరు వచ్చినది గనుక ఒక్క మాట. భాగవతం దశమస్కంధంలో పూతన వచ్చినప్పుడు యశోద, రోహిణి ఇద్దరూ అక్కడే ఉన్నారు. చక్కని రూపం, మంచి వేషం, బిడ్డను ముద్దుగా ఎత్తుకొన్న తీరు చూచి ఆ తల్లులు అడ్డు చెప్పలేక నిలబడిపోయినారు. అనుమానం రావలసిన చోట రాలేదు, కారణం ఆమె చూడ్డానికి పెద్దింటి మనిషిలాగా ఉండడమే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, సముద్రం దాటిన తరువాత మళ్ళీ పనికివస్తుంది. విషం పూసుకొని వచ్చిన ఆ పూతనకు కూడా కృష్ణుడు ధాత్రికి తగిన గతినే ఇచ్చినాడని అదే పురాణం చెబుతుంది. స్తన్యం ఇచ్చినది కదా అని లెక్క.

వైద్యులు గుణం చూడమన్నారు. రాజులు, వ్యాపారులు గుణాన్ని నమ్మలేదు, షరతులు వ్రాసుకొన్నారు. బాబిలోను రాజు హమ్మురాబి శాసనస్తంభం 1901లో సూసా తవ్వకాల్లో బయటపడి ఇప్పుడు ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది. క్రీస్తుకు పూర్వం పద్ధెనిమిదవ శతాబ్ది నాటిది. అందులో 194వ నిబంధన దాదుల గురించినదే. అప్పగించిన బిడ్డ దాది చేతిలో చనిపోయి, ఆమె తల్లిదండ్రులకు తెలియకుండా మరొక బిడ్డకు పాలిచ్చినట్లు రుజువైతే, ఆమె స్తనం కోసివేయాలి. చదవడానికే ఒళ్ళు జలదరించే శిక్ష. అయితే అదే ప్రాంతంలో, దానికంటే కొంచెం ముందుదైన ఎష్నున్నా ధర్మశాస్త్రంలో 32వ నిబంధన ఉన్నది. బిడ్డను దాదికి అప్పగించిన తండ్రి ఆమెకు ఇవ్వవలసిన ధాన్యం, నూనె, బట్ట మూడేండ్లు ఇవ్వకపోతే, పది షెకెళ్ళ వెండి తూచి ఇచ్చి తన బిడ్డను తీసుకుపోవాలి. అంటే జీతం ఎగ్గొట్టే తండ్రులు అప్పుడూ ఉన్నారు. హమ్మురాబి శాసనం గురించి పుస్తకాల్లో అందరూ వ్రాస్తారు, ఈ రెండవదాని గురించి ఎక్కడో గాని కనబడదు.

ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరస్ కాగితాల్లో దాదుల ఒప్పందాలు చాలా ఉన్నవి. క్రీ.పూ. 13 నాటి అలెగ్జాండ్రియా ఒప్పందం ఒకటి చెబుతాను. ఇసిడోరా అనే ఆమె, తనకు దొరికిన ఒక బానిస బిడ్డను దిదుమా అనే దాదికి అప్పగించినది. గడువు పదహారు నెలలు. నెలకు పది వెండి ద్రాఖ్మాలు, రెండు కొలతల నూనె. దాది పాలను పాడుచేసుకోరాదు, పురుషునితో ఉండరాదు, గర్భవతి కారాదు, మరొక బిడ్డకు పాలివ్వరాదు. నెలకు నాలుగు రోజులు బిడ్డను తెచ్చి ఇసిడోరాకు చూపించాలి. ఈ చివరి షరతు చూచినప్పుడు నాకు నవ్వు వచ్చినది, తరువాత నవ్వు ఆగిపోయినది. ఆ నాలుగు రోజులూ ఇసిడోరా ఏమి చూసి ఉంటుంది? బుగ్గలు, చేతులు, తొడలు. బిడ్డ సొమ్ము గనుక సొమ్మును లెక్క చూసుకొన్నట్లు చూసి ఉంటుంది. దాదికి ఇష్టముండి సాకుతున్నదా అన్నది ఒప్పందంలో వ్రాయడానికి వీలు లేనిది.

రోములో వైద్యం చేసిన సొరానస్ అనే గ్రీకు వైద్యుడు రెండవ శతాబ్దిలో వ్రాసిన గ్రంథంలో దాది లక్షణాలు మన చరకానికి దాయాదుల్లాగా ఉన్నవి. ఇరవైకీ నలభైకీ మధ్య వయసు, రెండు మూడు కాన్పులు, నిగ్రహం, జాలిగుండె, కోపం లేకపోవడం. పాలచుక్కను గోటి మీద వేసి చూడమన్నాడు. ఒక్కచోట మాత్రం దారులు వేరైనవి. సుశ్రుతుడు బిడ్డకు పలువురు దాదులు పనికిరారు, జబ్బు చేస్తుంది అన్నాడు. సొరానస్ ఒక్క దాదికే అలవాటు పడితే ఆమె జబ్బుపడినా, చనిపోయినా బిడ్డ గతి ఏమిటి, పలువురిని పెట్టండి అన్నాడు. మన బౌద్ధ కథల్లో, దివ్యావదానంలో, పెద్దింటి బిడ్డకు ఎనిమిదిమంది దాదులుంటారు. ఎత్తుకొనేవారు ఇద్దరు, పాలిచ్చేవారు ఇద్దరు, శుభ్రం చేసేవారు ఇద్దరు, ఆడించేవారు ఇద్దరు. ఎనిమిదిమందిలో ఒకరిని ఒకరు కనిపెట్టుకొని ఉంటారని కాబోలు.

అట్లా ఒకరినొకరు కనిపెట్టుకొని ఉంటే ఏమవుతుందో అక్బరు బాల్యంలో చూడవచ్చు. అతడు 1542 అక్టోబరులో ఉమర్‌కోటలో పుట్టినాడు. హుమాయూను అప్పటికి రాజ్యం పోగొట్టుకొని ఎడారుల్లో తిరుగుతున్నాడు. బిడ్డకు దాదులు పలువురు. వారిలో జీజీ అనగా అనే ఆమె, కన్నౌజు యుద్ధం తరువాత నదిలో మునిగిపోబోయిన హుమాయూనుకు చేయి అందించిన గజనీ సైనికుడు శంషుద్దీన్ భార్య. బిడ్డ ఈమె పాలు తప్ప మరొకరి పాలు ముట్టుకోవడం లేదట. మిగిలినవారు ఊరుకుంటారా? ఈమె మంత్రం వేసినదని హుమాయూను చెవిన వేసినారు. జీజీ కుమిలిపోతూ ఉంటే, ఎనిమిది నెలలైనా నిండని పసివాడు నోరు తెరిచి ఆమెకు ధైర్యం చెప్పినాడని అబుల్ ఫజల్ అక్బర్‌నామాలో వ్రాసినాడు. ప్రభువును పొగడడానికి వ్రాసిన మహిమ అది, నమ్మనక్కరలేదు. కాని ఆ మహిమ చుట్టూ ఉన్న సంగతి మాత్రం ఏ ఇంట్లోనైనా జరిగేదే. బిడ్డకు ఒక మనిషి మీద మాలిమి ఎక్కువైతే అది ఆ మనిషి నేరమవుతుంది. తల్లులు కూడా అందుకు మినహాయింపు కాదు. పిల్ల తన దగ్గరికి రాకుండా ఆయా భుజం మీద వాలిపోతే మొగం చిన్నబుచ్చుకొన్న తల్లులను నేను చూచినాను.

ఆ కథ అక్కడ ఆగలేదు. అక్బరు పెరిగి పాదుషా అయినాడు. దాదుల్లో పెద్దదైన మాహం అనగా రాజ్యవ్యవహారాలు నడిపినది. జీజీ భర్త శంషుద్దీన్ అత్గా ఖాన్ వకీలు పదవికి వచ్చినాడు. 1562 మే నెలలో మాహం కొడుకు అధం ఖాన్, ఆగ్రా కోటలో కొలువుదీరిన అత్గా ఖాన్‌ను చంపించినాడు. నిద్ర లేచి వచ్చిన అక్బరు అధం ఖాన్‌ను మేడమీదినుండి క్రిందికి త్రోయించినాడు, ప్రాణం పోలేదంటే మళ్ళీ పైకి తెప్పించి త్రోయించినాడు. కొన్ని వారాలకే మాహం కూడా పోయినది. ఒకే బిడ్డకు పాలిచ్చిన రెండిళ్ళలో ఒక ఇంటి భర్త, ఒక ఇంటి కొడుకు ఒకేరోజు చనిపోయినారు.

దాది గురించి మాట్లాడేటప్పుడు అందరూ మరచిపోయే బిడ్డ ఒకరున్నారు. ఆమె సొంత బిడ్డ. చరకుడు "తన బిడ్డ బ్రతికి ఉన్నది" కావాలన్నాడే గాని, ఈ బిడ్డకు పాలిచ్చినన్నాళ్ళు ఆ బిడ్డ ఏమి త్రాగాలో చెప్పలేదు. మేవాడులో పన్నా దాయి రాజకుమారుడు ఉదయసింహుని కాపాడడానికి అతని పడకలో తన కొడుకును పడుకోబెట్టి చంపుకొన్న కథ మనకందరికీ తెలుసు. త్యాగమని చెప్పి పిల్లలకు పాఠం చెబుతాము. నేనూ చెప్పినాను. కాని చరిత్రలో దాది బిడ్డలు ఎక్కువమంది కత్తికి చావలేదు, పాలు లేక చచ్చినారు.

దీనికి లెక్కలు కావాలంటే ప్యారిస్‌కు పోవాలి. అక్కడి పోలీసు అధిపతి లెన్వార్ 1780లో ఒక లెక్క చెప్పినాడు. ఏటా ప్యారిస్‌లో పుట్టే 21,000 మంది శిశువుల్లో తల్లి పాలు త్రాగేవారు సుమారు వెయ్యిమంది, ఇంట్లోనే దాదిని పెట్టుకొన్నవారు మరో వెయ్యిమంది, మిగిలినవారందరూ పల్లెల్లోని దాదుల ఇళ్ళకు పోయేవారే. ధనవంతులకే దాదిని ఇంట్లో పెట్టుకొనే స్తోమత. కారణం వారు చెప్పకనే చెప్పినారు, ఇంట్లో ఉంటే కళ్ళముందు ఉంటుంది. పల్లెకు పంపిన బిడ్డ బ్రతికినదో లేదో చాలాకాలం తెలిసేది కాదు. 1769లో ప్రభుత్వమే దాదుల కార్యాలయం పెట్టి, దాదులను కుదిర్చి, జీతాలు వసూలుచేసి పంపే ఏర్పాటు చేసినది. అయినా శిశుమరణాలు ఆగలేదు. చివరికి 1874 డిసెంబరు 23న థెయొఫిల్ రూసెల్ అనే వైద్యుడు, శాసనసభ్యుడు ప్రతిపాదించిన చట్టం వచ్చినది. తల్లిదండ్రుల ఇంటికి వెలుపల జీతానికి పెంచబడే రెండేండ్ల లోపు ప్రతి బిడ్డ మీదా ప్రభుత్వ పర్యవేక్షణ ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట.

నన్ను ఆపి ఆలోచింపజేసినది మాత్రం అందులోని మరొక నిబంధన. పరాయి ఇంట్లో ఉండి పాలివ్వడానికి పోయే దాది, తన చివరి బిడ్డ బ్రతికి ఉన్నదనీ, దానికి ఏడు నెలలు నిండినవనీ, నిండకపోతే మరొక స్త్రీ దానికి పాలిస్తున్నదనీ పత్రం చూపాలి. వేల ఏండ్ల దాది పరీక్షలో, ఆమె బిడ్డ క్షేమం కోసం చట్టం అడిగిన పత్రం ఇదొక్కటే నాకు కనబడినది. మోర్వాన్ కొండల ప్రాంతంనుండి ప్యారిస్‌కు దాదులుగా వచ్చిన స్త్రీల బిడ్డలు ఆ కొండల్లో ఆవుపాలతో పెరిగినారు, పెరగనివారు పెరగలేదు. చట్టం వచ్చిన తరువాత కూడా పత్రాల మాట పత్రాలదే.

ఇక్కడ ఒక సొంత సంగతి చెప్పక తప్పదు. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది. మనవరాలికి ఎనిమిదో నెల వచ్చినప్పుడు, ఇంట్లోనే ఉండి చూసుకొనే ఒకామెను కుదుర్చుకొన్నారు. కదిరి దగ్గర పల్లె ఆమెది. అల్లుడు హాల్లో ఒక కెమెరా, పిల్ల పడుకొనే గదిలో ఒక కెమెరా పెట్టించినాడు. ఆమెకు చెప్పాలా, చెప్పకుండా ఉంచాలా అని మొగుడూ పెళ్ళాలకు వాదన. చెబితే జాగ్రత్తపడుతుంది, చెప్పకపోతేనే నిజం తెలుస్తుందని అల్లుడు. ఒకే కంచు కింద అన్నం తింటూ దొంగచూపు చూడలేనని అమ్మాయి. నన్ను అడిగినారు. చెప్పమన్నాను. నేనే చెబుతానని ఆమెను పిలిచి, "అమ్మా, పిల్ల కోసమని ఇంట్లో కెమెరాలు పెట్టినారు, నిన్ను అనుమానించి కాదు" అన్నాను. రెండో మాట పూర్తిగా నిజం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె పిల్ల నోరు తుడుస్తూ, "పెట్టుకోండి సార్, అందులో ఏముంది. మా పిల్లోని కాడ గూడా ఒగటి పెడితే నేనూ చూసుకుంటా ఉంటా గదా" అన్నది. నాలుగేండ్ల కొడుకును వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చినదట. ఆ సంగతి కుదిర్చిన ఏజెన్సీవాళ్ళు ఇచ్చిన కాగితాల్లో లేదు. ఆధార్ ఉన్నది, పోలీసుల ధ్రువపత్రం ఉన్నది, ఆరోగ్యపరీక్ష ఉన్నది. ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మాయి ఫోనులో ఆమె కొడుకుతో వీడియో మాట్లాడుతుంది. మనవరాలు ఆ ఫోను లాక్కోవడానికి చూస్తుంది.

సరే, సముద్రం దాటుదాము. కుంపిణీ వారి కాలంనుండి తెల్లదొరల ఇళ్ళలో పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగినారు. జాషువా రెనాల్డ్స్ 1765-66లో వేసిన ఒక చిత్రం బెర్లిన్‌లో ఉన్నది. రాబర్ట్ క్లైవు దాయాది జార్జి క్లైవు, అతని భార్య, చిన్న కూతురు, ఆ కూతురిని పట్టుకొని మోకాళ్ళ మీద ఉన్న భారతీయ స్త్రీ. ఎవరి పేర్లు ఏమిటో మనకు తెలుసు, ఆమె పేరు తప్ప. పిల్ల పడిపోకుండా నిలబడినది మాత్రం ఆమె చేతుల్లోనే.

దొరసానులకు ఆయాల మీద మూడు అనుమానాలు. పిల్లను నిద్రపుచ్చడానికి నల్లమందు పెడుతుందని, పిల్లకు తన భాష అంటుకుంటుందని, గారాబంతో చెడగొడుతుందని. నల్లమందు సంగతి వట్టి కట్టుకథ కాదు. బొంబాయి వైపు పసిపిల్లలకు నల్లమందు మాత్రలు వేయడం ఉండేది. కాని అదే కాలంలో ఇంగ్లండులో గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే నల్లమందు కలిసిన సీసా మందును అంగట్లో కొని తల్లులే పిల్లలకు పోసేవారు. ఫ్లోరా అనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ కలిసి 1888లో దొరసానుల కోసం వెలువరించిన గృహనిర్వహణ గ్రంథంలో, భారతీయ సేవకుడు వయసులో తప్ప అన్నింటా పసిపిల్లవాడేనన్నారు. పసిపిల్లలన్నవారి చేతికే తమ పసిపిల్లలను ఇచ్చినారు! ఈ మాట వ్రాసేటప్పుడు వారికి తట్టనే లేదు.

ఇప్పుడు పూతన సంగతి జ్ఞాపకం చేసుకోండి. రడ్యార్డ్ కిప్లింగు 1865 డిసెంబరులో బొంబాయిలో పుట్టినాడు. గోవా వైపు క్రైస్తవురాలైన ఆయా చేతిలో పెరిగినాడు. ఆమె కథలు, పాటలు, ఆమె భాష. అమ్మానాన్నల ముందుకు పోయేటప్పుడు "ఇంగ్లీషులో మాట్లాడాలి" అని నౌకర్లు పిల్లలకు గుర్తుచేసి పంపేవారని తన జ్ఞాపకాల్లో వ్రాసుకొన్నాడు. ఎండలకు, రోగాలకు, నౌకర్ల పెంపకానికి భయపడి తెల్లవారు పిల్లలను అయిదారేండ్లకు ఇంగ్లండు పంపివేయడం అప్పటి రివాజు. 1871లో రడ్యార్డునూ, మూడేండ్ల చెల్లెలినీ సౌత్‌సీ అనే ఊళ్ళో, పత్రికా ప్రకటన చూచి కుదుర్చుకొన్న ఒక ఇంట్లో విడిచి, తల్లిదండ్రులు బొంబాయికి తిరిగి వెళ్ళినారు. వెళుతున్నామని పిల్లలకు చెప్పలేదు.

ఆ ఇల్లు మర్యాదస్థుల ఇల్లు. దైవభక్తి గల గృహిణి. ఎవరికీ ఏ అనుమానమూ కలగలేదు. అక్కడ ఆ పిల్లవాడు దాదాపు ఆరేండ్లు దెబ్బలు తిన్నాడు, నిలదీయబడినాడు, చీకటి గదుల్లో పెట్టబడినాడు. ఒకసారి "అబద్ధాలకోరు" అని వ్రాసిన అట్ట మెడకు కట్టి వీధిలో బడికి పంపినారు. చూపు దెబ్బతిని దాదాపు గుడ్డివాడైనాడు, చూపు ఆనక చదువు చెడితే దానికీ దెబ్బలే. ప్రతి డిసెంబరులోనూ ఒక నెల లండన్‌లో పిన్ని ఇంటికి వెళ్ళేవాడు. ఆమెకు వాడంటే ప్రాణం. ఆ నెలలో ఒక్కసారైనా నోరు విప్పి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఆమె తరువాత ఎన్నోసార్లు అడిగినదట. దానికి అతడు వ్రాసిన సమాధానం సారం ఇది. పిల్లలు తమకు ఏది జరిగితే అదే లోకరీతి అనుకొంటారు, ఇంకొక రీతి ఉంటుందని వారికి తెలియదు. తెలిసినా, ఆ ఇంటికే తిరిగి పోవాలి గదా, చెప్పినందుకు ఏమవుతుందో వారికి బాగా తెలుసు.

ముప్పై ఏండ్లకు పైగా బడిలో పిల్లల మధ్య బ్రతికినవాణ్ణి. ఈ మాట ఎంత నిజమో నాకు తెలుసు. ఒంటిమీద వాతలున్న పిల్లవాడు "పడినాను సార్" అంటాడు. రెండవసారి అడిగితే అదే చెబుతాడు. ఏమీ అడగకుండా నాలుగు రోజులు దగ్గర కూర్చోబెట్టుకొంటే, అయిదవ రోజు ఏదో లెక్క చెప్పమని వచ్చి, లెక్క వదిలి వేరే సంగతి మొదలుపెడతాడు. చరకుని పట్టికలో, ఇసిడోరా ఒప్పందంలో, రూసెల్ చట్టంలో అందరూ దాదిని అడిగినారు, దాది పాలను అడిగినారు, బిడ్డ తొడలను చూచినారు. మాటలు వచ్చిన బిడ్డ ఎవరితో చెప్పుకోగలడు అన్నది ఎవరూ వ్రాయలేదు. సౌత్‌సీలో లోపించినది నిఘా కాదు. బంధువులు చూస్తూనే ఉన్నారు, ఉత్తరాలు వస్తూనే ఉన్నవి.

1877లో తల్లి వచ్చినది. మొదటిరాత్రి నిద్రపోయే ముందు ముద్దు పెట్టుకోవడానికి మంచం మీదికి వంగితే, పిల్లవాడు దెబ్బ కాచుకోవడానికి చేయి పైకెత్తినాడు. ఆమెకు మొత్తం అప్పుడు అర్థమైనది. బొంబాయిలోని ఆయా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ చేయి అట్లా లేవవలసిన అవసరం రాలేదని ఎవరూ ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

యంత్రాల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను. 1932 మార్చి 1 రాత్రి అమెరికాలో విమానవీరుడు లిండ్‌బర్గు ఇరవై నెలల కొడుకును ఎవరో ఎత్తుకుపోయినారు. పోలీసుల చూపు మొదట ఇంట్లోవారి మీద పడినది. బిడ్డ దాదిని గుచ్చి గుచ్చి అడిగినారు, ఆమె తప్పు ఏమీ లేదని తేలినది. బిడ్డ అమ్మమ్మగారింటి పరిచారిక ఒకామె, పోలీసులు మళ్ళీ ప్రశ్నించడానికి వస్తున్నారని విని ఆ జూన్‌లో విషం త్రాగి చనిపోయినది. ఆమెకూ నేరంతో సంబంధం లేదని తరువాత తేలినది. ఆ భయం దేశమంతా పాకిన తరువాత, 1937లో జెనిత్ రేడియో కంపెనీ "రేడియో నర్స్" అనే పరికరం తెచ్చినది. పిల్ల గదిలో ఒక పెట్టె, పెద్దల గదిలో ఒక పెట్టె, అక్కడ ఏడిస్తే ఇక్కడ వినబడుతుంది. రూపం దిద్దినవాడు ఇసాము నొగూచి అనే శిల్పి. బేకలైటుతో చేసిన ఆ పెట్టెకు ముఖం లేదు, కన్ను లేదు, ముక్కు లేదు. తలకు ముసుగు వేసుకొన్న దాది తలలాగా ఉంటుంది. బొమ్మ దొరికితే చూడండి. దాదికి బదులు దాది తలను మాత్రం చేసి పెట్టినట్లుంటుంది. ఇప్పుడు మన ఇళ్ళలోని కెమెరాలకు పూర్వీకురాలు ఆమే.

మళ్ళీ ఆయాల దగ్గరకు ఒక్కసారి. ఓడల్లో దొరల పిల్లలను కనిపెట్టి ఇంగ్లండు దాకా చేర్చే పని మీద ఏటా ఎంతోమంది ఆయాలు పోయేవారు. వారాల తరబడి సముద్రం మీద, పిల్లకు వాంతులు, తల్లికి తలనొప్పి, అన్నీ ఈమే. దిగిన తరువాత కొందరు యజమానులు తిరుగు ప్రయాణానికి డబ్బు ఇవ్వకుండా ఆమెను లండన్ వీధుల్లో వదిలి వెళ్ళేవారు. పిల్లను నమ్మి ఇచ్చినవారికి తిరుగు టిక్కెట్టు నమ్మకం లేకపోయినది. అట్లాంటివారికోసం లండన్‌లో ఆయాల వసతిగృహం ఏర్పడినది. మొదట ఆల్డ్‌గేట్ ప్రాంతంలో, 1900 నుండి హాక్నీలో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డు 26వ నంబరులో, 1921లో అదే వీధిలో 4వ నంబరుకు మారినది. తిరిగి వెళ్ళే మరొక కుటుంబం కుదిరేదాకా అక్కడ ఉండేవారు. 2022 జూన్‌లో 26వ నంబరు ఇంటికి నీలిరంగు స్మారకఫలకం పెట్టినారు.

మద్రాసు రేవునుండి ఓడ ఎక్కిన ఆయాల్లో మన తెలుగు తల్లులు ఎవరైనా ఉన్నారేమో వెతుకుతున్నాను. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో దొరల పిల్లలను సాకడానికి సీమకు పోయి వచ్చిన అవ్వల కథలు ఎవరికైనా తెలిస్తే వ్రాయండి. అట్లాగే దాదికి మీ ప్రాంతంలో వేరే మాట వాడుకలో ఉంటే అదీ చెప్పండి, నా దగ్గర ఒక చిన్న పదసేకరణ తయారవుతున్నది.